హాల్లో మాట వినపడాలి: గుంటూరు, ప్రకాశం ఇళ్లలోకి సౌండ్ వచ్చిన కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. పోయిన మార్చి నెలాఖర్లో మా బామ్మర్ది పర్చూరు వైపు నుంచి ఫోన్ చేశాడు. "బావా, కాయలు యార్డుకి తోలేశాం, డబ్బులు చేతికొచ్చినాయి. హాల్లోకి హోమ్ థియేటర్ ఒకటి తీసుకుందాం అనుకుంటన్నా. ఒక షాపులో 5.1 అంటన్నాడు, ఇంకో షాపులో ఇప్పుడంతా సౌండ్ బార్లే అంటన్నాడు, సంతపేటలో ఒకాయన పది వేల వాట్లది చూపించాడు. ఏది తీసుకోమంటావ్?" అన్నాడు.

నేను చరిత్ర చెప్పుకునేవాణ్ణి, స్పీకర్లు అమ్మేవాణ్ణి కాదు. అయినా ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, ఈ ప్రశ్నకి జవాబు షాపులో లేదు, మన చరిత్రలోనే ఉంది అనిపించింది. ఎందుకంటే ఇదే తప్పు మా ఇంట్లో ఒకసారి జరిగింది. ఆ తప్పు వల్ల మా నాయనమ్మ పద్నాలుగేళ్లు హాల్లో కూర్చోవడం మానేసింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు మన ఇళ్లలోకి సౌండ్ ఎట్లా వచ్చిందో చూద్దాం.

మన నేల సంగతి తెలుసుగా. నల్లరేగడి. పత్తి, మిర్చి, మధ్యలో పొగాకు. ఇక్కడ జనం పగలంతా పొలంలో, రాత్రి బయట. ఇంట్లో కూర్చుని వినడం అనే అలవాటు మనకి చాలా ఆలస్యంగా వచ్చింది. వినడం అంటే వీధిలోనో, గుడి ముందో, నాటకం పందిట్లోనో. పందిరి ఎంత పెద్దదైనా, చివర్న కూర్చున్నవాడికి పద్యం వినపడాలి. మైకు లేని రోజులు.

ఆ రోజుల్లో నటుడికి గొంతే పెట్టుబడి. స్థానం నరసింహారావు గారి పేరు వినే ఉంటారు. 1902లో బాపట్లలో పుట్టారు. ఆడవేషాలకి పెట్టింది పేరు, సత్యభామగా ఆయన్ని చూడ్డానికి బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లట. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకొకాయన ఈలపాట రఘురామయ్య, మన గుంటూరు జిల్లా సుద్దపల్లి ఆయన. నోట్లో వేలు పెట్టి ఈల వేస్తే అది కూడా రాగమే. వీళ్లందరూ ఆంప్లిఫయర్ లేకుండా వందల మందికి పాడినవాళ్లు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడినవాళ్లు. గమనించండి, జనం వన్స్‌మోర్ కొట్టింది ఢాం ఢాం అనే శబ్దానికి కాదు, పద్యానికి. మాటకి.

బుర్రకథ కూడా అంతే. షేక్ నాజర్ గారు, పొన్నెకల్లు ఊరు, గుంటూరు జిల్లానే. 1920లో పుట్టారు. తంబురా భుజాన వేసుకుని, పక్కన ఇద్దరు గుమ్మెటలతో వంత పాడుతుంటే, మధ్యలో హాస్యం, మధ్యలో రాజకీయం. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. అంటే దూదేకే వాళ్లు. దూది సంగతి మళ్లీ వస్తుంది, ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

మరి ఇంట్లోకి వచ్చిన మొదటి మెషిన్ ఏంటి? గ్రామఫోన్. మన దేశంలో మొదటి పెద్ద రికార్డింగు 1902లో కలకత్తాలో జరిగింది, గౌహర్ జాన్ పాట. తర్వాత మెల్లగా తెలుగు పద్యాలు, నాటకాలు రికార్డులకెక్కాయి. మన పెద్దవాళ్లు వాటిని ప్లేట్లు అనేవాళ్లు. ఒక్కో వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. పందిట్లో పావుగంట రాగం తీసే మనిషి మూడు నిమిషాల్లో ముగించాలి. గ్రామఫోన్ ఎవరింట్లో ఉండేది? కరణం గారింట్లో, పెద్ద రైతు ఇంట్లో. మిగతావాళ్లు అరుగు కింద నిలబడి వినేవాళ్లు. అంటే మెషిన్ ఇంట్లోకి వచ్చినా, వినేవాళ్లు ఇంకా వీధిలోనే ఉన్నారన్నమాట.

రేడియో కూడా అదే దారి. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. మనకి దగ్గర కేంద్రం విజయవాడ, 1948 డిసెంబర్ 1న. అప్పట్లో రేడియో ఉంటే లైసెన్స్ ఉండాలి. పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో వంద యాప్‌లు పెట్టుకున్న మనకి నవ్వొస్తుంది గానీ, 1980ల దాకా ఆ పద్ధతి నడిచింది. అందుకని చాలా ఊళ్లలో పంచాయతీ రేడియోనే అందరి రేడియో. సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం, వార్తలు, తర్వాత నాటకం.

విజయవాడ రేడియోలో ఒక విచిత్రమైన కార్యక్రమం వచ్చేది. సంక్షిప్త శబ్దచిత్రం. అంటే సినిమాని బొమ్మ లేకుండా, సౌండ్ మాత్రమే కుదించి వేసేవాళ్లు. సినిమాని జనం రేడియోలో విన్నారు! వినడమే కాదు, కళ్లముందు బొమ్మ కట్టుకున్నారు. మాట స్పష్టంగా ఉంటే చాలు, మిగతాది మనసు చూసుకుంటుంది. మా నాయనమ్మ ఇప్పటికీ కొన్ని సినిమాలు "చూశాను" అంటుంది. అడిగితే తెలుస్తుంది, చూళ్లేదు, విన్నది.

ఇక మైక్ సెట్టు. ఇది లేకపోతే మన ఊళ్ల చరిత్రే లేదు. పెళ్లికి, తిరునాళ్లకి, ఎన్నికలకి, చావుకి కూడా. కొబ్బరిచెట్టుకో, మేడ మీద గెడకో అల్యూమినియం హారన్ కట్టేవాళ్లు. చాలామంది ఆ హారన్ని తక్కువగా చూస్తారు, గరగర సౌండ్ అని. కానీ దాని పనితనం వేరే. లోతైన బేస్ అందులో రాదు. మనిషి మాట ఎక్కువగా ఉండే మధ్య స్థాయి శబ్దాన్నే అది గట్టిగా తోస్తుంది. అందుకే కిలోమీటరు దూరంలో పత్తి తీసే కూలీకి కూడా మాట అర్థమయ్యేది. అది మాట కోసం పుట్టిన స్పీకర్.

టూరింగ్ టాకీస్ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి, నేను ఎక్కువ చెప్పను. డేరా, నేల టిక్కెట్టు, బెంచి టిక్కెట్టు. హారన్లో ఘంటసాల భక్తిగీతం వేశారంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు, అన్నం సగంలో వదిలేసి పరిగెత్తేవాళ్లు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. తీసింది హెచ్.ఎం. రెడ్డి గారు, విడుదల 1932 ఫిబ్రవరిలో. అప్పట్నుంచి చాలా ఏళ్లు సినిమా సౌండ్ అంటే ఒకటే ట్రాక్, తెర వెనక నుంచి వచ్చేది. తెర వెనక అని ఎందుకు అంటున్నానంటే, థియేటర్ తెరకి సన్నటి చిల్లులు ఉంటాయి. దగ్గరికెళ్లి చూడండి. స్పీకర్ తెర వెనక పెట్టి, ఆ చిల్లుల్లోంచి సౌండ్ వచ్చేట్టు చేస్తారు. హీరో మాట హీరో నోట్లోంచే వచ్చినట్టు ఉండాలి కదా, అందుకు.

ఇక్కడ మనం కాసేపు ఇంగ్లండ్ వెళ్లి రావాలి, తప్పదు. అలన్ బ్లమ్లైన్ అని ఒక ఇంజినీర్, ఈఎంఐ కంపెనీలో పనిచేసేవాడు. భార్యతో సినిమాకి వెళ్లాడట. తెర మీద మనిషి ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, మాట మాత్రం ఒకే చోటి నుంచి వస్తోంది. మనిషితో పాటు మాట కూడా నడిచేట్టు చేస్తాను చూడు అన్నాడని చెప్తారు. 1931లో ఆయన వేసిన పేటెంటే ఇవాళ్టి స్టీరియోకి మూలం. రెండు స్పీకర్లు, రెండు చెవులు. అంటే స్టీరియో పుట్టింది కూడా మాట ఎక్కణ్ణుంచి రావాలి అనే గొడవ మీదే.

మన తెలుగులో ఈ సంగతి పట్టించుకున్నది ఎవరంటే, తెనాలి దగ్గర బుర్రిపాలెం బుల్లోడు, కృష్ణ గారు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్. 1986లో 'సింహాసనం', మొదటి తెలుగు 70 ఎంఎం, ఆరు ట్రాకుల సౌండ్. ఆయన డైరెక్ట్ చేసిన మొదటి సినిమా కూడా అదే. 70 ఎంఎం తొలి పద్ధతిలో ఆ ఆరు ట్రాకులు ఎట్లా పంచారో తెలుసా? ఐదు తెర వెనకే. ఒక్కటే హాలు చుట్టూ ఉన్న స్పీకర్లకి. ఇవాళ మనం షాపుకెళ్లి వెనక స్పీకర్లు ఎన్ని అని అడుగుతాం. అప్పుడు వాళ్లు ముందు వైపు ఎన్ని అని చూసుకున్నారు.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. మన ఇల్లు ఎప్పుడు మారింది? నాగార్జునసాగర్ నీళ్లొచ్చాక. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలవలకి నీళ్లొదిలారు. కుడి కాలవ నీళ్లు పల్నాడు మీదుగా ప్రకాశం దాకా వచ్చాయి. పత్తి, మిర్చి డబ్బు చేతిలో ఆడింది. తాటాకు ఇల్లు పోయి పెంకుటిల్లు, పెంకుటిల్లు పోయి శ్లాబు. పేడతో అలికిన నేల పోయి నాపరాయి, తర్వాత మొజాయిక్, తర్వాత టైల్స్, ఇంకా డబ్బుంటే చీమకుర్తి గ్రానైట్. ప్రపంచమంతా కొనే నల్ల గ్రానైట్ మన ప్రకాశంలోనే దొరుకుతుంటే వేసుకోకుండా ఎట్లా ఉంటాం.

అయితే ఒక సంగతి ఎవరూ అనుకోలేదు. తాటాకు సౌండ్‌ని తాగేస్తుంది. మట్టిగోడ కాస్త తాగుతుంది. శ్లాబు, ప్లాస్టరు, గ్రానైట్, ఈ మూడూ చుక్క కూడా తాగవు. బంతి కొట్టినట్టు తిప్పి కొడతాయి. కొత్తింట్లో గృహప్రవేశానికి ముందు మాట్లాడితే గుయ్ మని వినపడుతుంది చూశారా, అదే.

దీన్ని లెక్కగట్టినాయన ఒకడున్నాడు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ, 1895. ఫాగ్ మ్యూజియంలో కొత్త లెక్చర్ హాల్ కట్టారు, పంతులు చెప్పేది ఒక్క ముక్క అర్థం కావడం లేదు. వాలెస్ సబీన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి ఆ పని అప్పగించారు. ఆయనేం చేశాడంటే, పక్కనున్న ఇంకో థియేటర్ నుంచి కుర్చీల మీది దిండ్లు రాత్రిపూట మోయించి ఈ హాల్లో పరిచాడు. ఇన్ని దిండ్లకి సౌండ్ ఎన్ని సెకన్లలో చచ్చిపోతుంది, అన్ని దిండ్లకి ఎన్ని సెకన్లు అని స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. పొద్దున్నకల్లా మళ్లీ దిండ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టేవాళ్లు. ఇవాళ ఏ సినిమా హాలు కట్టినా ఆయన సూత్రమే వాడతారు.

ఆ సూత్రాన్ని మా బామ్మర్ది హాలుకి వేశాను. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. శ్లాబు, టైల్స్, ఖాళీగా ఉంటే ఒక చప్పుడు పూర్తిగా ఆరిపోవడానికి దాదాపు మూడు సెకన్లు. మూడు సెకన్లంటే తక్కువా? హీరో ఒక వాక్యం చెప్పేలోపు దాని ముందు వాక్యం ఇంకా గదిలో తిరుగుతూనే ఉంటుంది. మంచాలు, సోఫా, బట్టలు, మనుషులు వస్తే తగ్గుతుంది, కానీ సినిమా చూడ్డానికి అర సెకను దరిదాపుల్లోకి రావాలి. దానికి ఏం కావాలి? మందంగా మెత్తటిది కావాలి. సబీన్‌కి దిండ్లు. మనకి? పత్తి పండించేదే మనం! మందపాటి పత్తి పరుపు, గోడకి బొంత, కిటికీకి బరువైన కర్టెను, కింద జంపఖానా. దూదేకే ఇంట్లో పుట్టిన నాజర్ గారు గొంతుతో ఊళ్లు కదిలించారు. ఆ దూదే మన హాల్లో గొంతుని నిలబెడుతుంది. యాభై వేల సిస్టమ్ చేయలేని పని, రెండు పరుపులు చేస్తాయి. నేను ఇది సరదాకి అనట్లేదు.

సరే, టేప్ రికార్డర్ల కాలం. ఫిలిప్స్ వాళ్లు కేసెట్ 1963లో తెచ్చారు గానీ, మన ఊళ్లలోకి ఎక్కువగా వచ్చింది 1970ల చివర, 80లలో. అప్పుడు మన టీ కొట్లలో మోగినంతగా ఇంకే భాషలో మోగిందో తెలీదు, 'దానవీరశూరకర్ణ' డైలాగులు. సినిమా 1977 సంక్రాంతికి వచ్చింది. మాటలు రాసింది కొండవీటి వెంకటకవి గారు, సత్తెనపల్లి వైపు విప్పర్లలో పుట్టిన పండితుడు. పాటల కేసెట్లు అమ్ముడుపోవడం ఎక్కడైనా ఉంటుంది. డైలాగుల కేసెట్లు ఇంటింటికీ కొనుక్కోవడం, టీ తాగుతూ సమాసాలు బట్టీపట్టడం మన దగ్గర చూడాలి.

మా తాతయ్య కూడా కొన్నాడు. ఒక టూ-ఇన్-వన్, దాంతో పాటు ఆ కేసెట్లు. నాయనమ్మ చదువుకోలేదు. కానీ ఆ డైలాగులు మొదట్నుంచి చివరిదాకా ఆమెకి వచ్చు. మిర్చి తొడేలు తీస్తూ చెప్పేదట, పక్కన కూలీలు ఇంకోసారి చెప్పవా అత్తా అనేవాళ్లట.

తర్వాత 1987–88. వయసు మీరినవాళ్లకి ఆ ఏడు చెప్తే చాలు, మొహం మారిపోతుంది. పత్తికి తెల్లదోమ. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. గుంటూరు, ప్రకాశం రైతులు చితికిపోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. దేశమంతా ఆదివారం పొద్దున టీవీలో రామాయణం చూస్తున్న రోజులు అవే. మా ఇంట్లో టీవీ లేదు. పురుగుమందుల కొట్లో బాకీ కింద తాతయ్య టూ-ఇన్-వన్ ఇచ్చేశాడు. కేసెట్లు మాత్రం ఆ కొట్టాయన వద్దన్నాడు, అవెందుకులే అని. నాయనమ్మ వాటిని ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టింది. మోగించే మెషిన్ లేదు, డైలాగులున్నాయి.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే, తొందరగా దాటేస్తాను. బ్లాక్ అండ్ వైట్ టీవీ, యాంటెన్నా తిప్పడం, వీసీఆర్ అద్దెకి తెచ్చి రాత్రికి మూడు సినిమాలు, 1995లో ఈటీవీ, జెమిని, కేబుల్ కుర్రాడు. తర్వాత డీవీడీ. డీవీడీతోనే ఇంట్లోకి 5.1 వచ్చింది. థియేటర్లలో డాల్బీ డిజిటల్ 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో, డీటీఎస్ 1993లో 'జురాసిక్ పార్క్'తో మొదలైతే, అదే పద్ధతి చిన్న పెట్టెల్లో మన హాల్లోకి దిగింది. ముందు మూడు, వెనక రెండు, ఒక సబ్ వూఫర్. 5.1 అంటే అంతే.

ఇందులో అసలు రాజు ఎవరో తెలుసా? వూఫర్ కాదు. టీవీ కింద మధ్యలో పెట్టే చిన్న స్పీకర్, సెంటర్ అంటారు. సినిమాలో డైలాగులు దాదాపు అన్నీ దాంట్లోంచే వస్తాయి. తెర వెనక స్పీకర్‌కి ఇంట్లో వారసుడు అది.

మా నాన్న 2006లో కొన్నాడు. ఆ ఏడు మిర్చికి రేటు పలికింది. ఎన్ని టిక్కీల డబ్బు దానికి పోసాడో ఇప్పటికీ అమ్మకి చెప్పలేదు. షాపు నుంచి ఒక కుర్రాడొచ్చి బిగించి వెళ్లాడు. రాత్రి పదకొండింటి దాకా బాంబులు పేలే సినిమాలు పెట్టి వీధంతా వినిపించాం. నాయనమ్మ టీవీకి ఎదురుగా మంచం మీద కూర్చునేది. రెండో రోజే అంది, "ఏందిరా ఇది, ఢమఢమలే గానీ మాట వినపడదే" అని. మేం సౌండ్ పెంచాం. ఆమె చెవులు మూసుకుంది. ఇంకా పెంచాం. చివరికి ముసలామెకి చెవుడొచ్చింది అని తేల్చేశాం. మెల్లగా ఆమె హాల్లోకి రావడం మానేసింది. వసారాలో ఒక్కతే కూర్చునేది.

2020 లాక్‌డౌన్‌లో నేను ఊళ్లో ఇరుక్కుపోయా. పని లేక దుమ్ము దులుపుదామని సిస్టమ్ వెనక్కి తిప్పా. వైర్లు చూస్తే మతి పోయింది. సెంటర్ అని రాసిన సాకెట్లోంచి వెళ్లే వైరు టీవీ కింది స్పీకర్‌కి పోవట్లేదు. గోడంట పాకి, గుమ్మం మీదుగా తిరిగి, వెనక వంటింటి పక్కన చెక్క బీరువా మీద ఉన్న స్పీకర్‌కి పోతోంది. టీవీ కింది దానికి వెనక స్పీకర్ వైరు తగిలించారు. అంటే పద్నాలుగేళ్లు డైలాగులన్నీ వంటింట్లోకి పోయాయి! అప్పుడర్థమైంది, అమ్మ పప్పు తాలింపు పెడుతూ సినిమా కథ మొత్తం ఎట్లా చెప్పేదో. కేబుల్ టీవీ పెట్టినా అంతే, మామూలు స్టీరియోలోంచి కూడా మాటల్ని విడదీసి సెంటర్‌కి పంపే ఏర్పాటు ఆ పెట్టెలో ఉంది.

తప్పు ఆ కుర్రాడొక్కడిదే కాదు లెండి. ఆమె మొదటి వారంలోనే చెప్పింది. మేం వినలేదు. చెవుడెవరికి?

తర్వాత చెవుల డాక్టర్‌కి చూపించాం. వయసుతో వచ్చే లోపం కొంత ఉంది. వయసు మీద పడితే ముందు పోయేది సన్నటి శబ్దాలు. స, శ, చ లాంటి అక్షరాల్లో ఉండే ఆ సర్రుమనే భాగం. అ, ఆ, ఓ లాంటి బరువైన ధ్వనులు ఉంటాయి. అందుకే వాళ్లకి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలీదు. దాని మీద సబ్ వూఫర్ గుమగుమలాడితే ఉన్న కాస్తా మునిగిపోతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు సౌండ్ పెంచమంటుంటే, ముందు బేస్ తగ్గించి చూడండి.

కాబట్టి బామ్మర్దికి నేనేం చెప్పానంటే. పది వేల వాట్లు అన్నాడు చూడు, అది పీఎంపీఓ అంకె, కాగితం మీది బలం. ఆర్ఎంఎస్ ఎంతో అడుగు. చెప్పకపోతే పెట్టె వెనక లేబుల్ చదువు, గోడ ప్లగ్గులోంచి 80 వాట్లు తీసుకునే పెట్టె పది వేలు ఎక్కణ్ణుంచి ఇస్తుంది? మన ఎద్దు తిన్నదానికంటే ఎక్కువ పేడ వేస్తుందా? రెండోది, నీ హాలుకి వెనక గోడ లేదు. ముందు వీధి గుమ్మం, వెనక వంటింటి గుమ్మం, మధ్యలో దారి. వెనక స్పీకర్లు ఎక్కడ పెడతావ్? బీరువా మీదేగా. అందుకని 3.1 సౌండ్ బార్ చూడు, అంటే మధ్యలో మాటకి విడిగా స్పీకర్ ఉన్నది. వాయిస్ మోడ్, నైట్ మోడ్ ఉందో లేదో షాపులోనే నొక్కి చూడు. టీవీకి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సాకెట్ ఉంటే ఆ వైరుతోనే కలుపు. ఎరుపు, తెలుపు వైర్లలో రెండు ఛానళ్లే పోతాయి, 5.1 పోదు. మిగిలిన డబ్బుతో పరుపులు కుట్టించు, అక్కకి చెప్పి మందపాటి కర్టెన్లు వేయించు. పెద్ద హాలు కట్టుకుని, వెనక గోడ ఉండి, సోఫా దానికి నాలుగడుగులు ముందుకి జరపగలిగితే అప్పుడు నిజమైన 5.1 కొను, నేనే వచ్చి బిగిస్తా. రాత్రి పదయ్యాక మాత్రం వీధికి వినిపించకు, పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలుంటారు.

"డెమోకి ఏ సినిమా పెట్టి చూడాలి బావా?" అన్నాడు. షాపువాడు పెట్టేది వద్దు, అందులో అన్నీ పేలుళ్లే ఉంటాయి. నీకు ప్రతి మాటా నోటికొచ్చిన పాత సినిమా పెట్టమను. సౌండ్ తక్కువలో పెట్టి, గది చివర నిలబడి విను. మీ అమ్మమ్మని కూడా తీసుకెళ్లు.

మా ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో చెప్పి ఆపేస్తాను. వైర్లు రెండూ మార్చా. వూఫర్ సగానికి తగ్గించా. యూట్యూబ్‌లో దానవీరశూరకర్ణ పెట్టి, వసారాలోకి వెళ్లి నాయనమ్మని రమ్మన్నా. "నాకెందుకురా, వినపడి చావదు" అంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టా. సభ సీను వచ్చింది. ఆమె పెదాలు కదలడం మొదలైంది. ఎన్టీఆర్ కంటే ఒక మాట ముందే అంటోంది. కాసేపయ్యాక నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"కాస్త తగ్గించరా అబ్బాయ్. నేనేమన్నా చెవిటిదాన్నా?"